మా బావ వేడినీళ్ళు

మా అక్కకి అన్యాయం జరిగింది ఆగస్టు పదో తేదీ సాయంత్రం, టీ వేళ, వాళ్ళింటి వరండాలో, నలుగురూ చూస్తుండగా. చేసినవాడు మా బావ. చేత్తో కాదు, నోటితో. ఆయన ఏ పని చేసినా నోటితోనే చేస్తాడు. ఆ మాటకొస్తే అసలు అన్యాయం మొదలైంది అంతకు ముందు ఏడాది జులైలోనట. ఆ సంగతి మాత్రం నాకు ఆ సాయంత్రం దాకా తెలీదు.

అక్క ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లు ఉతకడం, పిండడం మిషన్లు చేస్తాయి. ఆరినవాటిని మడతపెట్టి, వార్డుల వారీగా బీరువాల్లో సర్దడం అక్క పని. కుడి మణికట్టు కొన్ని నెలలుగా నొప్పి నొప్పి అంటూ, చివరికి గ్లాసు పట్టుకుంటే జారిపోయే దాకా తెచ్చుకుంది. డాక్టరు కట్టు కట్టి, "రోజూ పనిలో దేన్నైనా బలంగా మెలితిప్పుతున్నావా అమ్మా?" అని అడిగాడట. "లేదండీ, మిషనే పిండేస్తుంది" అందట ఈవిడ. ఆయన నమ్మలేదు. మెలితిప్పే పని ఏదైనా ఉంటే ఆపెయ్యి, ఈ చేతికి పూర్తిగా సెలవివ్వు, లేదంటే ఆపరేషనే, ఆ తర్వాత కూడా పట్టు వస్తుందో రాదో చెప్పలేను అన్నాడు.

లాండ్రీవాళ్ళు సెలవిచ్చారు. ఇల్లు సెలవివ్వదు గదా. అందుకే నేను రెండు బస్సులు మారి వచ్చాను, అక్కని మా ఇంటికి తీసుకుపోదామని. బట్టలు బ్యాగులో సర్దించి గుమ్మం పక్కన పెట్టించాను. బావతో ఒక్క మాట చెప్పడమే మిగిలింది. అక్కడే పొరపాటు చేశాను. ఆయనకి ఒక్క మాట ఇస్తే వంద మాటలు చిల్లర తీసుకోవాలి.

బావ పరుపుల షాపులో సేల్స్‌మన్. పీచు పరుపుని పట్టు పరుపని నమ్మించి, కొన్నవాడి చేతనే ఆటో ఎక్కించి పంపిస్తాడు. వీధిలో ఆయన్ని మైకు అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, పొగడ్త అనుకుంటాడు. ఆ ఆదివారం వరండాలో ఇద్దరు శ్రోతలు ముందే తయారుగా ఉన్నారు. ఒకరు పక్క షెడ్డు స్కూటర్ మెకానిక్, రెండోవారు వీధి చివర మందుల షాపాయన. అక్క అత్తగారు మూల కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. ఆవిడకి చెవులు కాస్త మందం. కళ్ళు మూసుకుంటే నిద్రో మెలకువో కన్నకొడుక్కే తెలీదు. నేను వంటింట్లోకి పోబోతే అక్క ఆపింది. "టీ ఎప్పుడో చేసి ఫ్లాస్కులో పోశానే, బస్సు దిగి వచ్చావు, కూర్చో" అని, ఎడంచేత్తో అందరికీ వంపడం మొదలుపెట్టింది.

"బావా, అక్కని కొన్నాళ్ళు మా ఇంటికి తీసుకెళ్తున్నా" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు బావ, కట్టు కట్టిన చెయ్యి ఎదురుగా ఉండగానే.

"చెయ్యి చూశావుగా. విశ్రాంతి కావాలన్నారు."

ఆయన టీ ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, పరుపు అమ్మే ముందు ఎలా సర్దుకుంటాడో అలా సర్దుకున్నాడు. నాకు అప్పుడే అర్థమైపోయింది, ఆరు గంటల బస్సు పోయినట్టేనని.

"ఇదే మరదలా మీతో వచ్చిన తంటా. ఆరోగ్యం కోసం ఊళ్ళు పట్టుకు తిరగాలా? ఒంటి మీద శ్రద్ధ అనేది రోజువారీ బతుకులో కలిసిపోవాలి, నీళ్ళలో ఉప్పులాగ, ఉన్నట్టు కనబడకూడదు. నన్ను చూడు. నిరుడు ఎలా ఉండేవాణ్ణి? మెకానిక్కూ, నువ్వు చెప్పవోయ్."

"సైలెన్సర్ ఊడిన స్కూటర్‌లా ఉండేవాడివన్నా. మెట్లెక్కితే వీధంతా వినపడేది."

"విన్నావా? అలాంటివాణ్ణి ఒకరోజు మా ఓనరు అన్నాడు, ఏమయ్యా ఒళ్ళు కాస్త చూసుకోరాదూ అని. అంతే. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచాను. ఎవర్నీ లేపలేదు, అది గుర్తుపెట్టుకో, ఎవర్నీ లేపలేదు. పిల్లిలా వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి నాబ్ ఇలా," గాలిలో రెండు వేళ్ళు సుతారంగా తిప్పి చూపించాడు, "ఇలా తిప్పి, గిన్నెలో నీళ్ళు పెట్టి, ఒకే ఒక్క గ్లాసు వేడినీళ్ళు నా చేత్తో నేను కాచుకుని తాగాను. అక్కడ మొదలైంది. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఒక్క పొద్దు తప్పలేదు. నా ఒంటి పని ఇంకొకళ్ళ చేత చేయిస్తే అది వాళ్ళ శ్రద్ధ అవుతుంది గాని నాదెలా అవుతుంది?"

ఫ్లాస్కు వంపుతున్న అక్క చెయ్యి ఆగింది. మెకానిక్ గ్లాసు సగంలోనే ఉండిపోయింది. నొప్పి కాబోలనుకుని ఫ్లాస్కు నేను అందుకున్నాను.

"నీళ్ళు తాగితే ఊరుకుంటుందా ఒళ్ళు? నడువు నడువు అంది. సరే, షాపుకి నడక మొదలుపెట్టాను. మొదట్లో బస్సు నన్ను దాటుకుపోయేది. తర్వాత్తర్వాత బస్సూ నేనూ ఒకేసారి చేరేవాళ్ళం. ఆ పైన బస్సు వెనకబడటం మొదలైంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డ్రైవరు ఒకరోజు బస్సు పక్కకి ఆపి, దిగొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'సార్, మీరు ముందు నడుస్తుంటే ప్యాసింజర్లు టికెట్ డబ్బులు వెనక్కివ్వమంటున్నారు, పిల్లలు గలవాణ్ణి, దయచేసి పక్క వీధిలోంచి పోండి' అన్నాడు. పిల్లలు గలవాడు అనేసరికి నా మనసు కరిగిపోయింది. అప్పట్నుంచీ పక్క వీధే."

"అందుకేనా అన్నా, మా షెడ్డు ముందు నువ్వు నడవగా నేనెప్పుడూ చూళ్ళేదు?"

"అందుకే మరి!"

"అయితే రోజూ బస్సు కిటికీలోంచి నాకు చెయ్యూపేదెవరు?"

"అది వానరోజుల్లోలే," అని బావ ముందుకు సాగిపోయాడు. వాన పడ్డ ఒక్క రోజుని గొడుగులా అడ్డం పెట్టుకుని ఎండలో తిరగడం ఆయనకి కొత్త కాదు.

"నడకతో ఊపిరి పెరిగింది. ఎంతంటే, ఈ వరండాలో పీల్చింది షాపు దగ్గర వదిలేవాణ్ణి. మధ్యలో అవసరం పడేది కాదు. ఒకరోజు షాపుకి గాలి నింపే పరుపులొచ్చాయి, సరిగ్గా అదే రోజు పంపు చెడింది. బయట కస్టమర్లు, లోపల చప్పబడ్డ పరుపులు, ఓనరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. నేనన్నాను, మీరు కాస్త పక్కకి జరగండి అని. ఒక్క ఊపిరి బాబాయ్ గారూ. ఒక్కటే! డబుల్ బెడ్డు పరుపు ఎనుబోతులా లేచి నిలబడింది. అది నిండినా ఊపిరి ఇంకా మిగిలింది. లోపల పెట్టుకుంటే నాకే చెడ్డ గదా, పక్క పరుపులోకి వదిలాను, దాని పక్కదాన్లోకి, దాని పక్కదాన్లోకి, వచ్చిన సరుకంతా నిండిపోయింది. చివర్లో అడుగూబొడుగూ ఉంటే వీధివైపు తిరిగి వదిలాను. దించి ఉన్న షట్టరు దానంతటదే గిరగిరా పైకి చుట్టుకుపోయింది."

"ఎదురుగా ఎవరూ లేరు గదా బాబూ?" అన్నాడు మందుల షాపాయన, టీలో బిస్కెట్ ముంచుతూ.

"ఒక గొడుగాయన ఉన్నాడు. రెండు వీధులవతల దిగాడు, క్షేమంగానే. ఆ పరుపులు కొన్నవాళ్ళు ఇప్పటికీ షాపుకొచ్చి గోల పెడతారు. అయ్యా, మడిచి అటక మీద పెడదామంటే మూత తీసినా గాలి అయిపోవటం లేదు అని."

"నీ నోట్లోంచి వచ్చింది బావా, అంత తొందరగా అయిపోదు" అన్నాను.

అక్క నా మోకాలి మీద చిన్నగా గిల్లింది, ఎడంచేత్తోనే. ఊరుకోవే అని దానర్థం. చిన్నప్పట్నుంచీ ఆ గిల్లుడుకి నేను ఊరుకున్నది లేదు.

"నవ్వు మరదలా, నవ్వితే ఒంటికి మంచిదే. అసలు సంగతి నిద్రలో ఉంది. జనం మిగిలిపోయిన టైములో నిద్రపోతారు, నేను పద్ధతిగా నిద్రపోతాను. పడుకునే ముందు ఫోను చూడను, టీవీ పెట్టను, ఎవడి మీదా కోపం ఉంచుకోను. మా షాపులో పరుపు ఎలా ఉందో కస్టమర్ల ముందు పడుకుని చూపించాలి, అది నా డ్యూటీ. ఒకరోజు మధ్యాహ్నం అలాగే పడుకుని, భుజాలు వదిలి, దవడ వదిలి, పద్ధతి ప్రకారం కళ్ళు మూశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా నిద్ర పక్కవాళ్ళకి పాకింది. ముందు ఆ కస్టమరూ పెళ్ళామూ పక్క పరుపు మీదికి ఒరిగారు. ఓనరు గల్లాపెట్టె మీద తల పెట్టాడు. బయట ట్రాఫిక్ పోలీసు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి నిలువునా నిద్రపోయాడు. చెయ్యి ఎత్తి ఉంది గదా, బళ్ళన్నీ ఆగిపోయాయి. ఆగిపోయిన బళ్ళలోవాళ్ళు హారన్ ఎందుకు కొట్టలేదని అడగరేం?"

"ఎందుకు కొట్టలేదన్నా?"

"వాళ్ళూ నిద్రపోయారు గనక! ఇంతకంటే మంచి అదను దొరకదని ఒక దొంగ షాపులోకి దూరాడు. గల్లాపెట్టెలో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి పెట్టినట్టే," బావ తల వాల్చి చూపించాడు, "గుర్రు. పాపం, దొంగ బతుకులో కంటినిండా నిద్రెక్కడిది, వాడు ఏళ్ళ తరబడి బాకీపడ్డదంతా ఆ మధ్యాహ్నం తీర్చుకున్నాడు. సాయంత్రం నేనే భుజం తట్టి లేపాను. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని, 'అన్నా, మా అమ్మ ఒడి దిగాక ఇలా పడుకోవడం ఇదే' అన్నాడు. పోతూ పోతూ ఒక దిండు కొనుక్కుని పోయాడు. డబ్బిచ్చి మరీ."

"ఎవరి డబ్బు?" అన్నాడు మందుల షాపాయన.

"గల్లాపెట్టెలో చెయ్యి పెట్టాడని చెప్పాగా బాబాయ్ గారూ, అదే."

మెకానిక్ నవ్వు ఆపుకోలేక టీ పొలమారి దగ్గాడు. బావ మాత్రం నవ్వలేదు. అదే ఆయన గొప్ప. ఎంత పెద్ద కోత కోసినా మొహం మాత్రం వానకి బడి సెలవని నోటీసు చదివే హెడ్మాస్టరులా ఉంటుంది.

"నాకేదో తేడాగా ఉందే అని పెద్దాసుపత్రికెళ్ళాను. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టాడు. విన్నాడు. గొట్టం విదిలించాడు. మళ్ళీ విన్నాడు. నర్సుని పిలిచి ఒక తెల్లదుప్పటి తెమ్మన్నాడు. నేనే లేచి కూర్చుని చెప్పాల్సొచ్చింది, 'కంగారుపడకండి డాక్టరుగారూ, అది అవసరమైతేనే కొట్టుకుంటుంది, ఊరికే కొట్టుకునే అలవాటు మాన్పించాను' అని. ఆయన కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు తాగి, 'నా బీపీ కాస్త చూడండి' అని చెయ్యి నా ముందు పెట్టాడు."

"నేను మందులమ్మడం మొదలుపెట్టి నలభై ఏళ్ళు బాబూ, ఇలాంటి గుండె వినలేదు."

"వినరు. నాలాంటోడు వీధికి ఇద్దరుంటే మీరు షాపు మూసుకోవడమే బాబాయ్ గారూ. ఇంకా అసలుది చెప్పలేదు. శ్రద్ధ ఎక్కువైపోతే వయసు వెనక్కి తిరుగుతుంది. నాకు తిరిగింది. తెల్లజుట్టు నల్లబడింది," అంటుంటే చెవి పక్కన దారితప్పిన రంగు మరక నాకు బాగా కనబడుతోంది, "చెప్పులు వదులైపోయాయి, గడ్డం మొలవడం మానేసింది, గొంతు సన్నబడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాన పడుతోందని ఒకరోజు బస్సెక్కితే, కండక్టరు నాకు పిల్లలకిచ్చే అర టికెట్టు కొట్టి, తల నిమిరి, 'బాబూ, అమ్మ ఎక్కడ కూర్చుందమ్మా?' అన్నాడు."

మూల కుర్చీలో అత్తగారు కళ్ళు తెరిచింది. "ఏంట్రా, పిలిచావా?"

"లేదమ్మా, నువ్వు పడుకో. ఇంకా వెనక్కి పోతే మళ్ళీ బళ్ళో వేస్తారని భయమేసి, వేడినీళ్ళు అరగ్లాసుకి తగ్గించాను. అప్పటికి గాని వయసు ఆగలేదు. చూశారా మరి! సెలవు పెట్టానా? పుట్టింటికి పోయానా? చెల్లెళ్ళని రెండు బస్సులు మార్పించానా? ఉన్నచోటే, చేసే పనుల్లోనే, ఒక్క గ్లాసు వేడినీళ్ళతో మొదలుపెట్టాను. ఈవిడా అంతే చెయ్యొచ్చు. ఇంటిపని అంటారా, సగం నా పని నేనే చేసుకుంటున్నానాయె. ఇంక ఈవిడకి ఇక్కడ కష్టమేముంది, అక్కడికి పోయి సుఖపడటానికి? ఏమంటారు బాబాయ్ గారూ?"

కోతలు కోసినంతసేపూ నాకు అభ్యంతరం లేదు. దొంగనైనా పోలీసునైనా నిద్రపుచ్చుకోమనండి, నా సొమ్మేం పోయింది. ఆ చివరి మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే మందుల షాపాయన గడ్డం గోక్కుని, "ఆ మాటా నిజమేనేమో. ఆయన సాయం చేస్తున్నప్పుడు ఇంట్లోనే జాగ్రత్తగా ఉంటే సరిపోతుందేమో" అన్నాడు. దొంగనీ అర టికెట్టునీ నమ్మనివాళ్ళు కూడా గ్లాసుడు నీళ్ళని నమ్మేశారు. పెద్ద అబద్ధాల మధ్య పెడితే చిన్న అబద్ధం నిజంలాగే కనిపిస్తుంది. పరుపులమ్మేవాడికి ఆ కిటుకు తెలీదా!

అక్క తలెత్తలేదు. "పోనీలేవే. ఇక్కడే ఉంటాలే. నువ్వు చీకటి పడకముందు బయల్దేరు" అంటూ లేచి, గుమ్మం పక్కనున్న బ్యాగు ఎడంచేత్తో లోపలికి లాగబోయింది.

అది నిజంగా లోపలికి పోయుంటే మళ్ళీ బయటికి రాదు. మా అక్క సంగతి నాకు తెలుసు. బ్యాగు మీద కాలు పెట్టాను.

"బావా, నీ కథంతా ఒప్పుకున్నాను" అన్నాను. "బస్సు ఒప్పుకున్నాను, పరుపులు ఒప్పుకున్నాను, దొంగ దిండు కొన్నాడన్నా ఒప్పుకున్నాను. అన్నిటికీ మూలం ఆ వేడినీళ్ళేగా? నాకూ ఒక గ్లాసు కాచి పెట్టు. నీ చేత్తో. తాగి, అక్కని ఇక్కడే వదిలేసి, నడిచి ఇంటికి పోతాను. బస్సుకంటే ముందే చేరతానుగా."

"అంతేనా!" అని లేచాడు బావ. నిజంగానే హుషారుగా లేచాడు. అక్క మాత్రం "ఏవండీ, మీరు కూర్చోండి, నేను..." అంటూ కంగారుగా అడ్డం వెళ్ళబోయింది.

"నువ్వు కూర్చో అక్కా. ఒంటి శ్రద్ధ ఇంకొకళ్ళు చేస్తే చెల్లదట."

బావ లోపలికెళ్ళాడు. గిన్నె చప్పుడైంది, అది కూడా మూడు గిన్నెలు తీసి పెట్టాక. కొళాయి చప్పుడైంది. తర్వాత లైటర్ టిక్కు టిక్కుమంది. మళ్ళీ టిక్కు టిక్కు. ఆ తర్వాత చప్పుడు లేదు. మేమందరం గుమ్మం వైపు చూస్తున్నాం. అక్క తన కట్టు వైపు చూసుకుంటోంది.

"ఏమేవ్!" లోపల్నుంచి గావుకేక. "పొయ్యి నాబ్ తీసి ఎక్కడ పెట్టావ్?"

ఆ కేక అత్తగారి చెవులకి కూడా అందింది.

"నాబేమిట్రా?" అంది ఆవిడ కూర్చున్నచోటు నుంచే. "అది విరిగి ఏడాది దాటలా? నిరుడు జులైలో, వానలప్పుడు. నువ్వేగా ఆ పక్క షెడ్డులోంచి ఎర్రపిడి కటింగ్ ప్లేయర్ పట్టుకొచ్చి, ఇవాళ్టికి దీంతో తిప్పు, రేపు కొత్త నాబ్ తెస్తాలే అన్నావు? ఆ రేపు ఇంకా రాలా. అమ్మాయి అప్పట్నుంచీ దాంతోనే కాడ పట్టుకుని మెలితిప్పి వెలిగిస్తోంది. తుప్పు పట్టిందేమో, తిరిగి చావదు. నీ వేడినీళ్ళకని చీకటితోనే లేచి ఆ ఇనప చప్పుడు చేస్తుంటే, ఈ చెవులకి కూడా మెలకువొచ్చేస్తుంది." ఒక్క క్షణం ఆగి, అమాయకంగా అడిగింది. "అయినా ఇవాళ వంటింట్లోకి నువ్వెందుకెళ్ళావు?"

మెకానిక్ చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఎర్రపిడిదా? పిడి ఒక పక్క కాలి ఉంటుందా? అది నాదేనమ్మా! ఎవడో కొట్టేశాడని ఎదురు షెడ్డువాడితో అప్పట్నుంచి మాటల్లేవు నాకు!" అంటూ లోపలికెళ్ళి, ఆ ముక్క పట్టుకుని వచ్చాడు. వాడు దాన్ని చూసుకున్న తీరు చూస్తే, తప్పిపోయిన దూడ ఇంటికొచ్చినట్టే ఉంది.

మందుల షాపాయన మాత్రం దానివైపు చూడలేదు. ఆయన అక్క వైపు చూస్తున్నాడు. ఆ డాక్టరు చీటీ మీద మందులిచ్చింది ఆయనే.

"అమ్మాయ్, దాంతో పొయ్యి ఎలా తిప్పుతావో ఒకసారి చూపించు."

అక్క ఎడంచెయ్యి గాలిలో పెట్టి, దేన్నో గట్టిగా నొక్కిపట్టి, మణికట్టు విరిచినట్టు తిప్పింది. ఎడంచెయ్యి తిరుగుతుంటే కట్టులోని కుడిచేతి వేళ్ళు కూడా వాటంతటవే ముడుచుకున్నాయి. దానికి నేర్పక్కర్లేదు, ఏడాదిగా పొద్దున్నే అదే పాఠం.

"డాక్టరు అడిగింది ఇదేగా తల్లీ. ఎందుకు చెప్పలేదు?"

"పనిలో ఏమైనా మెలితిప్పుతావా అని అడిగారండీ," అంది అక్క, తప్పు చేసినదానిలాగ. "పొయ్యి వెలిగించడం పనేంటి?"



బావ గుమ్మంలో ఖాళీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. "అంటే, నేను లేచేసరికి నీళ్ళు బల్ల మీద వేడిగా ఉండేవి," అన్నాడు. జీవితంలో మొదటిసారి నిజం చెప్పినవాడి గొంతు అది, అలవాటు లేక కీచుమంది. "అవెలా కాగుతున్నాయో నేనెప్పుడూ ఆలోచించలా."

"వయసు వెనక్కి తిప్పుకునే హడావుడిలో తీరికెక్కడిదిలే బావా."

మందుల షాపాయన లేచి నా కాలి కింద ఉన్న బ్యాగు తీసి నా చేతికిచ్చాడు. "తీసుకెళ్ళమ్మా. డాక్టరుకి ఈ సంగతి నేను ఫోన్ చేసి చెబుతాను. ఈ అమ్మాయి చెబితే మళ్ళీ సగం మింగేస్తుంది."

మెకానిక్ కటింగ్ ప్లేయర్‌ని జేబులో పెట్టుకున్నాడు. "అన్నా, ఇది మాత్రం పట్టుకెళ్తున్నా."

అప్పటికి గాని బావకి తన సొంత నష్టం అర్థం కాలేదు. పొయ్యి వైపు చూశాడు, మెకానిక్ జేబు వైపు చూశాడు. "మరి రేప్పొద్దున నా నీళ్ళో?"

"ఒక్క ఊపిరి వదులు బావా," అన్నాను. "కాగిపోతాయి."

అత్తగారు చేతికర్ర వెతుక్కుంటూ లేచింది. "అమ్మాయ్, నా సంచీ కూడా సర్దు. నేనూ వస్తా."

"నువ్వెందుకమ్మా?" అన్నాడు బావ, నిజంగానే బిక్కమొహం వేసి.

"ఇక్కడ నాకు వేడినీళ్ళెవరిస్తార్రా?" అంది ఆవిడ. పోతూ పోతూ కొడుకు తల నిమిరింది. "అర టికెట్టు పిల్లాడివి. పొయ్యి జోలికి పోకు నాయనా, చెయ్యి కాల్చుకుంటావు."

అంటే ఆవిడ మొదట్నుంచీ అంతా వింటూనే ఉందన్నమాట.

మా ఇంట్లో మొదటిరోజు అక్క అలవాటు చొప్పున చీకటితోనే లేచి వంటింట్లో దిక్కులు చూస్తూ నిలబడింది. నేను లేచి నాబ్ తిప్పి నీళ్ళు కాచి, గ్లాసు తన చేతికిచ్చి కుర్చీలో కూలేశాను. ఏం చెయ్యమంటావే దీన్ని అన్నట్టు చూసింది. తాగు అన్నాను. ఊదుకుంటూ చివరిదాకా తాగి, గ్లాసు అడుగు చూసి ఆశ్చర్యపోయింది. "కూర్చుని తాగితే ఆఖరి గుక్క కూడా వేడిగానే ఉంటుందే చెల్లీ!" అంది. నలభై ఆరేళ్ళ మనిషి అంది ఈ మాట. పక్క మంచం మీద నుంచి అత్తగారు, "నాదేది?" అంది.

వాపు మెల్లిగా దిగింది. ఆపరేషన్ మాట డాక్టరు మళ్ళీ ఎత్తలేదు. పొయ్యికి నాబ్ పడ్డాకే ఇంటికి పంపుతానని బావకి ఫోన్‌లో చెప్పాను. రేపు బిగిస్తానన్నాడు. ఆయన రేపుల సంగతి తెలిసినదాన్ని, సరేలే అన్నాను. ఈలోగా హోటల్లో తిన్నాడట, చన్నీళ్ళు తాగాడట. ఒక ఆదివారం స్పానరుతో కాడ తిప్పబోయి వేలు కాల్చుకుని మందుల షాపుకి పరిగెత్తాడట. నడకలో బస్సుని దాటింది బహుశా ఆ రోజేనేమో.

చివరికి మెకానిక్ నాకు ఫోన్ చేశాడు. "అక్కా, అన్న నాబ్ బిగించేశాడు. అప్పుడే వరండాలో దాని కథ కూడా మొదలుపెట్టాడు. ఆయన బిగించిన తీరు చూడ్డానికి పొయ్యిల కంపెనీ నుంచి ఇంజనీర్లొచ్చారట, కొలతలు రాసుకుని పోయారట."

ఇంజనీర్ల సంగతి నేను చూడలేదు, చెప్పను. నాకు తెలిసిందే చెబుతాను. నాబ్ విరిగింది నిరుడు జులైలో. బిగించింది ఈ ఏడు సెప్టెంబరు ఇరవయ్యో తేదీన.